ఫోర్డ్ మోడల్ టీ కారు ఇరవై నిమిషాలకే మరుగుతోంది, పంపు పెట్టించమంటున్నారు: పెట్టించాలా?

పెట్రోల్ పిచ్చుక

అందరికీ నమస్కారం. నా దగ్గర 1921 నాటి ఫోర్డ్ మోడల్ టీ టూరింగ్ ఉంది. చేతికొచ్చి ఎనిమిది నెలలైంది, నిజం చెప్పాలంటే ఇప్పటిదాకా నడిపినదాని కంటే తుడిచిందే ఎక్కువ. సరే ఇక నడుపుదాం అనుకుంటే ఇదీ పరిస్థితి: బయల్దేరిన ఇరవై నిమిషాలకు రేడియేటర్ మూత మీదున్న, వేడి చూపించే మోటోమీటర్‌లో ఎర్ర గీత పైకి పాకేస్తుంది, ఇంకో ఐదు నిమిషాలకు మూత దగ్గర బుస్సుమని ఆవిరి, ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి కింద నీళ్ళు. చదును రోడ్డు మీద కూడా ఇంతే. చిన్న ఎత్తు తగిలితే ఇంకా ముందే.

ఇంతవరకు చేసినవి చెప్తాను. రేడియేటర్ విప్పించి ఒక వర్క్‌షాపులో కడిగించాను (కడిగామన్నారు, నేను చూడలేదు). ఫ్యాన్ బెల్ట్ కొత్తది వేశాను. బయల్దేరేముందు ప్రతిసారీ మూతి దాకా నీళ్ళు నింపుతాను, తిరిగొచ్చాక చూస్తే ప్రతిసారీ తగ్గి ఉంటాయి, మళ్ళీ నింపుతాను. ఇంజిన్ సౌండు బాగానే ఉంది, కాకపోతే లాగడం బద్ధకంగా లాగుతుంది. మొన్న చీకటి పడ్డాక బానెట్ ఎత్తి చూస్తే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ సన్నగా ఎర్రగా మెరుస్తున్నట్టు అనిపించింది, అది నా భయమో నిజమో తేల్చుకోలేకపోయాను.

వర్క్‌షాపాయన మాటేంటంటే, "దీనికి వాటర్ పంపే లేదు సార్, నీళ్ళు వాటంతటవే తిరగాలంటే ఎట్లా తిరుగుతాయి, పంపు పెట్టించండి, రేడియేటర్ కూడా కొత్తది వేయించండి" అని. వినడానికి సబబుగానే ఉంది, కానీ పంపు లేకుండానే అన్ని లక్షల కార్లు అన్నేళ్ళు ఎలా తిరిగాయన్నది నాకు అర్థం కావట్లేదు. డబ్బు పెట్టేముందు ఇంట్లోనే ఏమైనా టెస్టు చేసుకోవచ్చా? ఏది ముందు, ఏది తర్వాత? బ్లాకు పగిలితే మళ్ళీ దొరకదన్న టెన్షన్‌తో బండి తీయడమే మానేశాను.

ఇంకో విషయం, మీరు అడిగేలోపే చెప్పేస్తున్నా. మొదట్లో ఒకసారి హ్యాండిల్ తిప్పుతుంటే వెనక్కి తన్నింది, మణికట్టు వారం రోజులు వాచిపోయింది. అప్పట్నుంచి, స్పార్కు ముందుగా రావాలా ఆలస్యంగా రావాలా అన్నది మార్చే స్పార్క్ లివర్‌ను రెండు మూడు పళ్ళ కంటే కిందకి దించడం లేదు.

నట్టుబోల్టు

ఆ చివరి పేరా చదివి నవ్వొచ్చింది బ్రో, సారీ. సగం జవాబు నువ్వే రాసుకున్నావు.

వెనక్కి తన్నేది లివర్ కిందకి ఉంచి హ్యాండిల్ తిప్పితే. స్టార్ట్ చేసేటప్పుడు ఎడమవైపున్న ఆ స్పార్క్ లివర్ పూర్తిగా పైకి, అందులో మార్పు లేదు. కానీ ఇంజిన్ అందుకున్న మరుక్షణం కిందకి దించాలి, నడిపేటప్పుడు దాదాపు సగం పైనే కిందకి ఉండాలి, ఎత్తు మీద ఇంజిన్ గుద్దుకుంటున్నట్టు మోగితే ఒకటి రెండు పళ్ళు పైకి. నువ్వేమో పైనే ఉంచి మొత్తం ప్రయాణం చేస్తున్నావు. అంటే పిస్టన్ కిందకి జారిపోతుండగా మంట అంటుకుంటోంది, తోయాల్సిన పని తోయకుండానే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది, ఇంకా మండుతున్న గ్యాసు అంతా ఎగ్జాస్ట్ దారిలో పోతుంది. ఆ దారి చుట్టూ ఉన్నది నీళ్ళే కదా, ఆ సెగంతా వాటికే. లాగడం బద్ధకంగా ఉందన్నావు, మ్యానిఫోల్డ్ ఎర్రగా ఉందన్నావు, రెండూ ఇదే కథ.

మిశ్రమం కూడా చూసుకో. పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువైతే నిదానంగా మండి ఇలాగే ఎగ్జాస్ట్‌ను కాలుస్తుంది. డాష్ మీద కార్బురేటర్ మర ఉంటుంది కదా, కుడికి తిప్పితే పెట్రోల్ తగ్గుతుంది. నడుస్తుండగా ఒక పావు చుట్టు ఎడమకి తిప్పి చూడు, ఇంజిన్ ఒక్కసారిగా హుషారైతే ఇప్పటిదాకా ఆకలితో ఉందన్నమాట.

ఇత్తడి తాత

తమ్ముడూ, నట్టుబోల్టు చెప్పింది ముందు చెయ్యి, కానీ అదొక్కటే అనుకోకు. వందేళ్ళ బండికి ఒకే రోగం ఉండదు, ఒకదాన్ని ఇంకొకటి దాచిపెడుతుంది.

ముందు నీ భయం కొంచెం తగ్గిస్తాను. మరగడం వేరు, వేడెక్కి ఇంజిన్ పాడవడం వేరు. నీళ్ళు మరిగే వేడికి దగ్గరగా ఉన్నప్పుడే ఇంజిన్ బాగా పనిచేస్తుందని, ఎండ రోజుల్లో బురదలోనో ఇసుకలోనో పొడవాటి ఎత్తు మీదో అప్పుడప్పుడూ మరిగితే కంగారు పడక్కర్లేదని ఫోర్డ్ వాళ్ళు కారుతో ఇచ్చిన మాన్యువల్లోనే ఉంది. నీళ్ళున్నంతసేపు ఆవిరి అయ్యేటప్పుడు అది వేడిని తీసుకునే పోతుంది. అసలు ప్రమాదం నీళ్ళు అయిపోయాక మొదలవుతుంది. అయినా చదును రోడ్డు మీద ఇరవై నిమిషాలకు మరగడం మామూలు కాదు, అది నిజమే.

ఆ మూతి దాకా నింపడం మానెయ్యి. మొత్తం మీద ఆ బండికి దాదాపు 11 లీటర్లు పడతాయి. 20 డిగ్రీల నీళ్ళు 90 డిగ్రీలకు వచ్చేసరికి మూడు నాలుగు శాతం ఉబ్బుతాయి, అంటే 400 మిల్లీలీటర్ల దాకా ఎక్కడికో పోవాలి. పోయేది ఓవర్‌ఫ్లో గొట్టంలోంచే. నువ్వు కింద చూసిన నీళ్ళలో కొంత నువ్వు పోసిందే, బండి తప్పు లేదు. చల్లగా ఉన్నప్పుడు పై ట్యాంకులో ట్యూబుల మూతులు మునిగి, పైన రెండు మూడు వేళ్ళ ఖాళీ ఉంటే చాలు. అంతకంటే తగ్గనివ్వకు, ఎందుకో చెప్తాను.

మీ వర్క్‌షాపాయన అడిగిన ప్రశ్న మంచి ప్రశ్నే, నీళ్ళు వాటంతటవే ఎట్లా తిరుగుతాయి? 90 డిగ్రీల నీళ్ళు లీటరు 965 గ్రాములు తూగుతాయి, 60 డిగ్రీల నీళ్ళు 983. తేడా లీటరుకు 18 గ్రాములు. బ్లాకులో వేడెక్కి తేలికైనవి పైకి లేస్తాయి, రేడియేటర్‌లో చల్లబడి బరువెక్కినవి కిందకి దిగుతాయి, అంతే, ఇంకే తోపూ లేదు. ఎంత బలమో లెక్క కట్టుకుంటే నవ్వొస్తుంది, ఇంజిన్‌కీ రేడియేటర్‌కీ మధ్య పనిచేసే ఎత్తు అర మీటరు అనుకుంటే 9 మిల్లీమీటర్ల నీటి మట్టం తేడాకి సమానం. ఆ కాస్త తోపుతో ఇంజిన్ మొత్తం చల్లబడుతోంది. ఎందుకు పనిచేస్తుందంటే దారి విశాలంగా ఉంటుంది గనక. గొట్టాలు లావు, ట్యూబులు సూటి, మలుపులు తక్కువ. ఆ దారిలో ఎక్కడ కొంచెం తుప్పు పేరుకున్నా, హోస్ లోపలి పొర ఊడినా, పైన మట్టం తగ్గి నీళ్ళ చుట్టు తెగినా, ఆ 9 మిల్లీమీటర్లు దాన్ని దాటలేవు. పంపున్న బండి అదే అడ్డాన్ని నెట్టుకుంటూ పోతుంది. కాబట్టి పంపు లేకపోవడం జబ్బు కాదు, పంపు లేకపోవడం వల్ల జబ్బు బయటపడుతోంది.

ఇప్పుడు టెస్టులు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బెల్ట్ తీసేసి, మూత తీసి, స్టార్ట్ చేసి ఒక్క నిమిషం పై ట్యాంకులోకి టార్చి వేసి చూడు. పంపు లేదు గనక చల్లగా ఉన్నప్పుడు నీళ్ళు నిలకడగా ఉంటాయి, ఇందులో ఇదొక సుఖం, బుడగ వస్తే ఇట్టే కనిపిస్తుంది. ఆగకుండా బుడగలు వస్తుంటే సిలిండర్లోంచి గ్యాసు నీళ్ళలోకి దూరుతోంది, హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే గ్యాస్కెట్ పోయి ఉండాలి లేదా హెడ్డో బ్లాకో పగిలి ఉండాలి. అదే అయితే మిగతావి ఏం చేసినా వేస్టు.

తర్వాత బండిని చదును నేల మీద చేత్తో తొయ్యి. ఇంజిన్ ఒకసారి నడిచి ఆయిల్ వెచ్చబడ్డాక తొయ్యి, చల్లటి ఆయిల్‌తో క్లచ్ పళ్ళాలు అంటుకుని తప్పుదారి పట్టిస్తాయి. హ్యాండ్ లివర్ న్యూట్రల్‌లో ఉండాలి. ఒక మనిషి తోస్తే కదలకపోతే ట్రాన్స్‌మిషన్ బ్యాండ్లు బిగుసుకున్నాయో, వెనక బ్రేకు రాసుకుంటోందో చూడాలి. బ్రేకు వేసి పరిగెత్తిస్తే ఏ ఇంజినైనా వేడెక్కుతుంది, దానికి రేడియేటర్‌ను తిట్టి లాభం లేదు.

మూడోది వేడి కొలవడం. గన్‌లా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే బాగుంటుంది, కానీ ఒక మెలిక ఉంది: మెరిసే ఇత్తడి మీద పెడితే అది అబద్ధం చెబుతుంది, అసలు కంటే చాలా తక్కువ చూపిస్తుంది. కొలిచే ప్రతిచోటా నల్ల టేపు ముక్క అంటించి, ఆ టేపు మీద కొలువు. పై గొట్టం మెడ, కింది గొట్టం మెడ, రేడియేటర్ ముఖం మీద తొమ్మిది చోట్ల, అడ్డంగా మూడు నిలువుగా మూడు. బాగా వేడెక్కాక ఫ్యాన్ తిరుగుతుండగానే ముందు వైపు నుంచి కొలువు, వెనక ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టకు. మోటోమీటర్‌ను పూర్తిగా నమ్మకు. 1912లో పేటెంట్ అయిన ఆ బాయిస్ మోటోమీటర్ నీళ్ళ వేడిని కొలవదు, నీళ్ళ పైనున్న ఆవిరి గాలి వేడిని కొలుస్తుంది. సగం నీళ్ళు కారిపోయిన ట్యాంకు మీద అది ప్రశాంతంగా కూర్చుని ఉండగలదు.

చివరిది, నీళ్ళన్నీ వదిలేసి మళ్ళీ నింపేటప్పుడు లీటరు లెక్కన కొలిచి పొయ్యి. ఆ తర్వాత రేడియేటర్ విప్పి, కింది మూతి చేత్తో మూసి, నిండా పోసి ఒక్కసారిగా వదులు. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకో. బాగున్న రేడియేటర్‌లో నీళ్ళు గభాలున దూకుతాయి.

వేడిగా ఉన్నప్పుడు మూత ముట్టుకోకు. వేడెక్కిన బ్లాకులో చల్లనీళ్ళు అసలే పోయొద్దు, నువ్వు భయపడే పగుళ్ళు వచ్చేది అప్పుడే.

స్పీడు సీను

తాతగారూ, మీరు చెప్పింది పుస్తకానికి బాగుంటుంది. నేను ఇలాంటి పాత బండికే పంపు పెట్టించాను, ఆ రోజు నుంచి ఇంతవరకూ మరగలేదు. అప్పటి రోడ్లు వేరు, అప్పటి స్పీడు వేరు, ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు ఆగాల్సి వస్తుంది. పంపుతో పాటు ప్రెషర్ మూత కూడా వేస్తే ఇంకా మంచిది, ఒక్కో పౌండు ప్రెషర్‌కి మరిగే వేడి దాదాపు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది.

ఒక్క జాగ్రత్త. పంపు మరీ పెద్దది పెట్టకూడదు, నీళ్ళు మరీ వేగంగా తిరిగితే రేడియేటర్‌లో చల్లబడే టైము దొరకదు.

ఇత్తడి తాత

సీనూ, ప్రెషర్ మూత సంగతి ముందు. లెక్క కరెక్టే, కానీ ఆ రేడియేటర్ టంకం అతుకులతో, ప్రెషరే లేని పద్ధతికి కట్టింది. నాలుగు పౌండ్లు పెడితే మరగడం ఆరు డిగ్రీలు ఆలస్యమవుతుంది, అతుకులు మాత్రం అంతకంటే ముందే ఊడతాయి. అది వద్దు.

వేగంగా తిరిగితే చల్లబడవు అన్నది అందరూ అనే మాట, కానీ తప్పు. అవే నీళ్ళు చుట్టూ చుట్టూ తిరుగుతున్నాయి కదా, రేడియేటర్‌లో తక్కువసేపు ఉంటే ఇంజిన్లో కూడా తక్కువసేపే ఉంటాయి. ఎక్కువ నీళ్ళు తిరిగితే వేడి ఎక్కువే పోతుంది. పంపు పెట్టిన పాత బండ్లు కొన్ని ఎక్కువ మరిగినట్టు కనిపించడానికి కారణం వేరే: ట్యూబులు మూసుకుపోయి ఉంటే పంపు పై ట్యాంకులోకి తోసినంత వేగంగా నీళ్ళు కిందకి దిగవు, ట్యాంకు నిండి ఓవర్‌ఫ్లోలోంచి బయటికి పోతాయి. చూసేవాడికి మరిగి పొంగినట్టే ఉంటుంది.

నీ బండికి పంపు పనికొచ్చింది, కాదనను. బహుశా కొంత అడ్డం ఉన్నా నెట్టుకుపోతోంది. దొరికిందాన్ని వాడుకోవడంలో తప్పు లేదు, కానీ జబ్బేంటో తెలియకుండా పెట్టించుకోమని ఈ తమ్ముడికి మాత్రం చెప్పను. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1908లో మోడల్ టీ మొదలైనప్పుడు మొదటి సుమారు 2500 కార్లకు పంపు ఉండేది, తర్వాత ఫోర్డే దాన్ని తీసేసి, నీళ్ళు వాటంతటవే తిరిగే థర్మోసైఫన్‌కి మారాడు. 1927లో ఆపేసేదాకా కోటిన్నర పైచిలుకు కార్లు అలాగే తిరిగాయి.

ఆవిరి బండి

మధ్యలో దూరుతున్నా, నాకు ఇలాంటివి చదవడం పిచ్చి. ఈ మరిగే గొడవ కారు పుట్టినప్పటి నుంచీ ఉంది. 1886 నాటి బెంజ్ మోటార్‌వాగన్‌లో చల్లబరిచే పద్ధతే మరిగించడం, ఇప్పటిలాంటి రేడియేటర్ లేదు, సిలిండర్ చుట్టూ ఉన్న నీళ్ళు ఆవిరైపోతుంటే మళ్ళీ పోసుకోవడమే. వినడానికి మొరటుగా ఉన్నా లెక్క చూస్తే తెలివే. ఒక లీటరు నీళ్ళను 20 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి ఎంత వేడి కావాలో, ఆ మరిగే లీటరును ఆవిరి చేయడానికి అంతకు ఆరేడు రెట్లు కావాలి. చిక్కల్లా నీళ్ళు మోయడంలోనే. 1888లో బెర్తా బెంజ్ మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వందకు పైగా కిలోమీటర్లు వెళ్ళినప్పుడు దారి పొడవునా నీళ్ళు దొరికిన చోటల్లా ఆగి పోసుకుంటూ వెళ్ళింది.

తేనెపట్టు రేడియేటర్‌తో ఈ ఆట మార్చింది విల్హెల్మ్ మేబాక్, 1900 చివర్లో తయారై 1901లో రోడ్డెక్కిన మెర్సిడెస్ 35 హార్స్‌పవర్ కారు కోసం. 8070 చిన్న చదరపు గొట్టాలు, ఒక్కోటి 6 మిల్లీమీటర్లు, గొట్టాల్లోంచి గాలి, వాటి మధ్య సందుల్లో నీళ్ళు, వెనక ఫ్యాన్. దాంతో మోయాల్సిన నీళ్ళు 18 లీటర్ల నుంచి 9కి తగ్గాయి.

థర్మోసైఫన్‌ని నమ్ముకున్నది ఫోర్డ్ ఒక్కడే కాదు, రెనో వాళ్ళు రేడియేటర్‌ను ఇంజిన్ వెనక పెట్టి 1920ల దాకా దాంతోనే నడిపారు. గాలితోనే చల్లబరిచిన ఫ్రాంక్లిన్ కార్లు 1902 నుంచి 1934 దాకా అమ్ముడయ్యాయి. అదే పని రాగి రెక్కలతో చేద్దామని 1923లో షెవర్లే దింపిన కార్లు వేడి తట్టుకోలేక వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. అంటే నీ బండి మరుగుతుంటే నువ్వు మంచి కంపెనీలోనే ఉన్నావు పిచ్చుకా.

పెట్రోల్ పిచ్చుక

వారం పట్టింది, చెప్పినవన్నీ చేశాను, అంకెలు ఇవిగో.

ముందు లివర్. వర్ణించలేను, బండి మారిపోయింది. ఇన్నాళ్ళూ నేను నడిపింది వేరే బండి. మరగడం ఇరవై నిమిషాల నుంచి నలభై ఐదుకి వెళ్ళింది, చీకట్లో మ్యానిఫోల్డ్ మామూలుగానే ఉంది. నట్టుబోల్టు అన్నా, నవ్వినా పర్లేదు.

కానీ మరగడం పోలేదు. బుడగలు లేవు, రెండుసార్లు చూశాను. చేత్తో తోస్తే నేనొక్కణ్ణే తోయగలిగాను. వేడి: పై మెడ 96, కింది మెడ 52. రేడియేటర్ ముఖం మీద ఎడమ వరసలో పైనుంచి 89, 74, 60. మధ్య వరసలో 86, 70, 57. కుడి వరసలో 61, 44, 40. టేపు లేకుండా పై మెడ మీద కొలిస్తే 50 దాటలేదు తాతగారూ, మీరు చెప్పకపోతే ఆ అంకె నమ్మి ఇంజిన్ చల్లగానే ఉందనుకునేవాణ్ణి.

వదిలేసి నింపితే తొమ్మిదిన్నర లీటర్లే పట్టాయి. రేడియేటర్ విప్పి నీళ్ళు వదిలితే గభాలున కాదు, కుళాయిలా కారాయి, 50 సెకన్లు.

స్పీడు సీను

చూశారా, నీళ్ళు సరిగ్గా తిరగట్లేదు. పంపు!

ఇత్తడి తాత

నీళ్ళు సరిగ్గా తిరగట్లేదు, అవును. ఎందుకు తిరగట్లేదన్నది కూడా ఆ అంకెల్లోనే ఉంది సీనూ.

పైకీ కిందకీ తేడా 44 డిగ్రీలు. అంటే రేడియేటర్‌లోకి వెళ్ళిన నీళ్ళు చక్కగా చల్లబడుతున్నాయి, వెళ్తున్నదే తక్కువ. దీనికి ఉల్టాగా పైన 96, కింద 90 ఉంటే నేను గాలి వైపు చూసేవాణ్ణి: బెల్ట్ జారుతోందా, ఫ్యాన్ రెక్కలు వంగిపోయాయా, రెక్కలూ ట్యూబులూ అంటుకున్న చోట టంకం వదిలేసిందా, ఎవరైనా అందంగా ఉంటుందని రేడియేటర్‌కు మందంగా పెయింటు కొట్టారా అని. నీది అది కాదు. కుడి వరస పైనే 61 అంటే అటువైపు ట్యూబుల్లోకి వేడి నీళ్ళు దాదాపు దిగట్లేదు. తక్కువ పట్టిన లీటరున్నర కూడా ఎక్కడో ఉంది, కొంత వదిలేటప్పుడు అడుగున మిగిలిపోతుందనుకున్నా మిగతాది తుప్పు బురద. ఎక్కువగా బ్లాకు వెనక సిలిండర్ దగ్గర చేరుతుంది, అక్కడ ప్రవాహం నిదానం.

కడిగామన్నది పైనుంచి గొట్టం పెట్టి నీళ్ళు వదలడమే అయితే అది కడగడం కాదు, ముక్కల్ని ట్యూబుల మూతుల్లోకి ఇంకా బిగించడం. పై ట్యాంకు టంకం విప్పి చూడగల మనిషిని పట్టుకో. హోసులు రెండూ కోసి చూడు, బయట కాదు, లోపల.

బ్లాకుకి నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్ళు బాగా పనిచేస్తాయి, కొన్ని గంటలు ఉంచి వదిలేసి, తర్వాత వాషింగ్ సోడా నీళ్ళతో ఒకసారి, మామూలు నీళ్ళతో రెండు మూడుసార్లు. ఘాటు యాసిడ్లు వద్దు, ఇత్తడినీ టంకాన్నీ తినేస్తాయి. కాస్టిక్ సోడా కూడా వద్దు, ఎక్కడ అల్యూమినియం ఉంటే అక్కడ కొరుకుతుంది. గార అంటే పలచగా ఉంటుంది కదా ఏం చేస్తుందిలే అనుకుంటారు, పోత ఇనుము కంటే ఆ సున్నపు పొర వేడిని ఇరవై ముప్పై రెట్లు తక్కువగా దాటనిస్తుంది.

నట్టుబోల్టు

లివర్ పని అయింది గనక ఇంకొకటి, రాడ్డు కూడా చూసుకో. లివర్ నుంచి, స్పార్కు ఎప్పుడు రావాలో చెప్పే టైమర్‌కి వెళ్ళే రాడ్డు ఎవరో ఒకరు ఎప్పుడో వంచి ఉంటారు, అప్పుడు నువ్వు సగం దించానని అనుకున్నా లోపల సగం కాకపోవచ్చు. ప్లగ్గులు నాలుగూ విప్పేసి, లివర్ పూర్తిగా పైకి పెట్టి, కీ బ్యాటరీ వైపు తిప్పి, హ్యాండిల్ మెల్లగా తిప్పు. మొదటి పిస్టన్ పైకొచ్చి, కొంచెం దిగడం మొదలుపెట్టాక, స్పార్కు పుట్టించే కాయిల్ బుర్రుమనాలి. పైకి రాకముందే బుర్రుమంటే నీ మణికట్టు కథ మళ్ళీ జరుగుతుంది. బాగా దిగాక బుర్రుమంటే ఎంత దించినా స్పార్కు ఆలస్యంగానే ఉంటుంది.

పెట్రోల్ పిచ్చుక

మూడు వారాల తర్వాత వస్తున్నా, క్షమించాలి.

పై ట్యాంకు విప్పించాం. కుడివైపు ట్యూబుల మూతుల మీద బూడిద రంగులో, గట్టిగా, సిమెంటు పెచ్చులాంటి పొర. టంకం పని చేసే పెద్దాయన గోటితో గీకి, లీకు ఆపే పొడి ఎవరో డబ్బాలు డబ్బాలు పోశారన్నాడు. నాకంటే ముందున్న వాళ్ళెవరో చిన్న లీకుకి భయపడి పోసి ఉంటారు, లీకు కూడా అక్కడే ఉంది, ఒక అతుకు దగ్గర, ఐదు నిమిషాల పని. సన్నటి రాడ్డుతో ఒక్కో ట్యూబు పొడిచి తెరిచాడు. రెండు ట్యూబులు మాత్రం రాలేదు, వదిలేశాం.

కింది హోసు బయటికి కొత్తదానిలా ఉంది. కోస్తే లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. బ్లాకులోంచి తీసిన తుప్పు బురద కొలిస్తే లీటరుకు పైనే వచ్చింది, వెనక సిలిండర్ దగ్గర కొక్కెం వంచిన తీగతో లాగాల్సి వచ్చింది. రాడ్డు కూడా వంగే ఉంది, టైమింగు సరిచేశాను.

ఇప్పుడు నీళ్ళు పదకొండు లీటర్లకు ఒక గ్లాసు తక్కువ పట్టాయి. రేడియేటర్ విప్పి ఉన్నప్పుడే వదిలి చూశాను, ఐదు సెకన్లు కూడా పట్టలేదు, కాళ్ళన్నీ తడిసిపోయాయి. గంటసేపు నడిపాక పై మెడ 86, కింది మెడ 63, కుడి వరస ఎడమ వరసకి మూడు నాలుగు డిగ్రీల తేడాలోనే ఉంది. పొడవాటి ఎత్తు ఎక్కాక 94కి వెళ్ళింది, పైన ఒక నిమిషం ఇంజిన్ నడుస్తూనే ఉంచితే మళ్ళీ దిగింది. పంపు పెట్టించలేదు, రేడియేటర్ పాతదే.

మామూలు నీళ్ళే పోయాలా, కూలెంట్ కలపాలా?

ఇత్తడి తాత

గడ్డకట్టే చలి లేకపోతే డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పు పట్టనివ్వని మందు కలిపి వాడు, చాలు. కూలెంట్లో ఉండే గ్లైకాల్ సగం సగం కలిపితే మరిగేది ఏడెనిమిది డిగ్రీలు ఆలస్యమవుతుంది గానీ, వేడి మోసే శక్తి తగ్గుతుంది, చిక్కగా ఉంటుంది గనక నిదానంగా తిరుగుతుంది. పంపు లేని బండికి రెండోదే ఎక్కువ నష్టం. కుళాయి నీళ్ళు ఉప్పగా ఉంటే మాత్రం మళ్ళీ గార మొదలు.

63 డిగ్రీలు రాసి పెట్టుకో, నెలకోసారి అదే రోడ్డు మీద అదే టేపు మీద కొలువు. కింది అంకె పడిపోతుంటే మళ్ళీ ఎక్కడో అడ్డం మొదలైనట్టే.

నట్టుబోల్టు

హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే పెట్టు, చుట్టూ పట్టుకోకు. ఎడమ చేత్తో, కింది నుంచి పైకి మాత్రమే లాగు.

ఇత్తడి తాత

అది నిజం. బెల్ట్ కొత్తదన్నావు కదా, ఫ్యాన్ సంగతి అడగడం మర్చిపోయాను. రెక్కలు హబ్బుకి రివెట్లతో కొట్టి ఉంటాయి, ఆ రివెట్ల పక్కన వెంట్రుకంత పగులు ఉందేమో భూతద్దంతో చూడు. ఊడిన రెక్క నేరుగా రేడియేటర్‌లోకో బానెట్‌లోకో వెళ్తుంది. ఈసారి బయటికి తీసేముందే చూడు.

పెట్రోల్ పిచ్చుక

ఇప్పుడే చూశాను. నాలుగింట్లో ఒకదానికి ఉంది తాతగారూ. బండి లోపలే ఉంచాను, ఫ్యాన్ విప్పుతున్నా.